చివరి అంగ

రేపల్లెలో ఆడపిల్లల హైస్కూల్లో నేను పీఈటీగా చేరిన ఐదారేళ్ళకి, ఒక వేసవి సెలవుల్లో, ముగ్గురు స్నేహితురాళ్ళం కలిసి బాపట్ల వెళ్ళాం. సముద్రం ఒడ్డున రెండు రోజులుండి, వండే పని లేకుండా తిని, కడుపునిండా కబుర్లు చెప్పుకుని వద్దామన్నది మా ఆలోచన. అంత చిన్న ఆలోచనకి ఇళ్ళల్లో వాళ్ళని ఒప్పించడానికే మాకు ఏళ్ళు పట్టింది.

ముగ్గురం తెనాలిలో ఒకే కాలేజీ, ఒకే రిలే జట్టు. పేర్లు పెట్టి పిలుచుకోవడం ఎప్పుడో మానేశాం. మార్కెట్ వెనక సందులో వాళ్ళ నాన్నకి బట్టలు కుట్టే కొట్టున్న అమ్మాయి దర్జీ పిల్ల. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు, కోపమొస్తే రెండూ కలిపి మాట్లాడేది. మా జట్టు మొత్తానికీ ట్రాక్ ప్యాంట్లు కుట్టింది అదే. తర్వాత్తర్వాత తనే లేడీస్ టైలరింగ్ షాపు పెట్టుకుంది. అమృతలూరు నుంచి రోజూ బస్సులో వేలాడుతూ వచ్చే రైతుబిడ్డ అమృతలూరు పిల్ల. దానికి తెనాలిలోనే సంబంధం కుదిరింది, ఇద్దరు మగపిల్లలు, ఇద్దరూ గడుగ్గాయిలే. నాది సంగం జాగర్లమూడి కాబట్టి నేను జాగర్లమూడి పిల్లని. రిలే జట్టులో నాలుగో అమ్మాయి ఒంగోలు కోడలైపోయి మాకు దొరక్కుండా పోయింది.

రిలేలో పరిగెత్తినా నా అసలు ఆట లాంగ్ జంప్. నాకది ఎవరూ నేర్పలేదు. మా ఊళ్ళో కాలవకి అటూ ఇటూ పొలాలే. బడికి అడ్డదారిన వెళ్ళాలంటే గట్ల మీద పరిగెత్తి, పొలాలకి నీళ్ళు పారే పంట బోదెలు దూకాలి. గట్టంచుకి వచ్చేసరికి చివరి అంగ ఎంత సాగదీసి వేస్తే అంత దూరం పోతామని నాకు నేనే కనిపెట్టుకున్నాను. ఆ దూకుడుతోనే కాలేజీలో గెలిచాను, యూనివర్సిటీ పోటీల్లో రెండో స్థానంలో వచ్చాను. ఆఖరి సంవత్సరం పరిగెత్తుతూ ఉండగా తొడ వెనక కండ పట్టేసింది. మా అమ్మ నువ్వుల నూనె కాచి మర్దనా చేసింది. ఎవరో చెబితే కట్టు కట్టించారు. కొంచెం తగ్గినట్టు అనిపించగానే మళ్ళీ పరిగెత్తాను. ఈసారి గుడ్డ చిరిగినట్టు చిరిగింది. అంతటితో నా ఎగరడం అయిపోయింది. ట్రైనింగ్ చేసి ఉద్యోగం తెచ్చుకుని, ఈలా తాడూ పట్టుకుని డ్రిల్లు మేడంగా స్థిరపడ్డాను.

ఇక్కడ ఇంకో మనిషి గురించి చెప్పాలి. బడి మానేసిన పిల్లల్ని వెనక్కి తీసుకురమ్మని ఒకసారి మా టీచర్లని నిజాంపట్నం వైపు పల్లెలకి పంపించారు. అక్కడ చేపలు ఎండబెట్టే చోట, వరసలు వరసలుగా పరిచిన చేపల మీదుగా ఒక పిల్ల ఎగురుతూ పోతోంది. వాళ్ళమ్మ వెనక నుంచి తిడుతోంది. ఆ పిల్ల ఒక్క చేపని కూడా తొక్కలేదు. నేను అక్కడే నిలబడిపోయాను. వాళ్ళమ్మని బతిమాలి రేపల్లెలో హాస్టల్లో చేర్పించి, రెండేళ్ళు పొద్దున్నే గ్రౌండుకి లాక్కొచ్చి, నాకు తెలిసిందంతా దానికి నూరిపోశాను. జిల్లా పోటీల్లో దాన్ని చూసి బాపట్ల దగ్గర కొత్తగా పెట్టిన అకాడమీ వాళ్ళు తీసుకుపోయారు. ఎవరో పెద్ద వ్యాపారస్తుడు సొంత డబ్బుతో కట్టించిన అకాడమీ అది. రాష్ట్రమంతా గాలించి పిల్లల్ని ఏరుకుని, ఉంచుకుని, తిండి పెట్టి తర్ఫీదిస్తారు. దాన్ని తీసుకెళ్ళడానికి వచ్చినాయన వ్యాను ఎక్కుతూ, "థాంక్స్ మేడం, ఇంక మేం చూసుకుంటాం" అన్నాడు. మంచిమాటే. కానీ ఏడాది పాటు ఆ "ఇంక" అన్న మాట నాకు ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

రేపల్లె ప్యాసింజరులో తెనాలి వచ్చి వాళ్ళిద్దరినీ కలుసుకున్నాను. అక్కడ రైలు మారి కిటికీ పక్క చోటు కోసం చిన్నపిల్లల్లా తోసుకున్నాం. దర్జీ పిల్ల తెచ్చిన కోడి పలావు నిడుబ్రోలు రాకముందే సగం అయిపోయింది. బాపట్లలో దిగి ఆటోలో సముద్రం దాకా వెళ్ళాం. సరుగుడు తోటల మధ్య రోడ్డు, దోవలో తాటి ముంజలు. అద్దెకి తీసుకున్న గదిలో సంచులు పడేసి నీళ్ళలోకి పరిగెత్తాం. అంత సంతోషంగా ఉన్నామని ఎందుకు చెబుతున్నానంటే, ఆ సంతోషం సాయంత్రం దాకానే నిలిచింది.

తడిసిన బట్టలు ఆరేసి టీ తాగుతుంటే అమృతలూరు పిల్ల అంది, "రేపు పొద్దున మిమ్మల్నొక చోటికి తీసుకెళ్తా. మా మరిది ఇంజనీరు కదా, ఇక్కడ ఆటల అకాడమీ కట్టింది వాళ్ళ కంపెనీయే. చూడ్డానికి పర్మిషన్ తీసిపెట్టాడు."

నేను కప్పు కింద పెట్టాను. "సెలవుకొచ్చి గ్రౌండు చూడ్డమేంటే? నేను రోజూ చూసే గ్రౌండు చాల్లే" అన్నాను.

"నీ శిష్యురాలు ఉన్నదక్కడేగా? చూడవా?"

"ఉంటే ఉంది."

దర్జీ పిల్ల నా మొహంలోకి చూసింది. అది గుడ్డ చూసి ఎక్కడ లాగిందో చెప్పగలదు. "కుళ్ళా?" అంది.

"నాకెందుకే కుళ్ళు? నేను పంపిన పిల్ల."

"అందుకే అడిగా."

మర్నాడు పొద్దున్నే వెళ్ళాం. వెళ్ళకపోతే నిజంగానే కుళ్ళు అనుకుంటారని వెళ్ళాను. గేటు దగ్గర కాపలా ఆయన మా పేర్లు కనుక్కుని, "లోపలికి రండమ్మా, ట్రాక్ మీద మాత్రం చెప్పులతో నడవకండి" అన్నాడు. సరుగుడు చెట్ల గోడ దాటగానే ఆ ట్రాక్ కనిపించింది. ఇటుకరంగు సింథటిక్ ట్రాక్, దాని మీద తెల్లటి గీతలు. అప్పటిదాకా అలాంటిది టీవీలోనే చూశాను. చెప్పులు విప్పి కాలు పెట్టాను. మెత్తగా, మళ్ళీ గట్టిగా ఉంది. అడుగు వేస్తే పాదాన్ని తిరిగి పైకి తోస్తోంది. మా స్కూలు గ్రౌండులో వాన పడితే ఎద్దులు కూడా జారతాయి. ఎండాకాలం నెర్రెల్లో పిల్లల కాళ్ళు ఇరుక్కుంటాయి. పోటీల ముందు సున్నంతో గీతలు గీస్తే సాయంత్రానికి మేకలు వాటి మీద పడుకుంటాయి.

"మేడం!"

పరిగెత్తుకుంటూ వచ్చింది ఆ పిల్ల. నేను ఒక్క క్షణం గుర్తుపట్టలేదు. జుట్టు పొట్టిగా కత్తిరించారు. నీలం ట్రాక్ సూటు. భుజాలు విప్పారాయి, మెడ నిటారుగా నిలబడింది. మా దగ్గరున్నప్పుడు చీమలా ఉండేది. వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. దాని చేతుల్లో బలం చూసి సంతోషపడాల్సింది పోయి, "ఏం పెడుతున్నారు దీనికి?" అని మనసులో ఒక గొణుగుడు.

తనే మాకు అంతా చూపిస్తానంది. ముందు హాస్టల్. ఒక్కో గదికి ఇద్దరు, ఒక్కొక్కళ్ళకి మంచం, కిటికీ, చదువుకునే బల్ల. అమృతలూరు పిల్ల గుమ్మంలో నిలబడి, "అబ్బ, ఎంత నిశ్శబ్దంగా ఉందే! నాకొక మంచం ఇక్కడ వేయిస్తే ఏ ఆటైనా ఆడతాను" అంది. దర్జీ పిల్ల దండెం మీద ఆరేసిన బనీన్లు తిరగేసి కుట్లు చూస్తోంది. "ఈ కుట్టు చూడవే, ఒంటికి ఒరుసుకోదు. నేను మనకి కుట్టిన ప్యాంట్లు తొడలు కోసేవి కదూ" అని నవ్వింది. ఎవరికి కావాల్సింది వాళ్ళు చూసి ఈర్ష్య పడుతున్నారు. తేడా ఏమిటంటే వాళ్ళది నవ్వితే పోయే ఈర్ష్య.

వంటింట్లో గుడ్లు, పాలు, చికెన్, పళ్ళు. ఎవరు ఏం తినాలో చెప్పడానికి ఒక మనిషి ఉందట. మా అమ్మ రాత్రి నానబెట్టిన శనగలు గుప్పెడు నా చేతిలో పోసేది, అదే నా పోటీ తిండి. నాకు అమ్మ మీద ఏ ఫిర్యాదూ లేదు. కానీ ఆ గుడ్ల ట్రేల ముందు నిలబడితే ఆ శనగలే గుర్తొచ్చాయి.

తర్వాత ఫిజియో గది. తెల్ల దుప్పట్లు పరిచిన బల్లలు, ఐసు తొట్టి, ఏవో వైర్ల మిషన్లు. ఒక అమ్మాయి బోర్లా పడుకుని ఉంటే, ఫిజియో ఆమె తొడ వెనక వేళ్ళతో నొక్కుతూ చూస్తున్నాడు. ఆయన కుర్రాడే, మర్యాదస్తుడు. అడగ్గానే చెప్పాడు, "కండ కొంచెం చిరిగిందండి. పరిగెత్తేవాళ్ళకి మామూలే."

"మళ్ళీ పరిగెత్తుతుందా?" అన్నాను.

"పరిగెత్తకేమండి? మొదట కొన్నాళ్ళు కదలకుండా ఉంచుతాం. తర్వాత మెల్లగా వ్యాయామాలు. రెండు నెలల్లో మామూలైపోతుంది. తొందరపడి ముందే పరిగెత్తకూడదు, అంతే."

"అంతేనా?"

"అంతేనండి."

నా స్నేహితురాళ్ళిద్దరూ నా వైపు తిరిగారు. నా కండ చిరిగిన రోజు గ్రౌండు మధ్యలోంచి నన్ను మోసుకొచ్చింది వాళ్ళిద్దరే. దర్జీ పిల్ల నా జబ్బ పట్టుకుంది. నేను విదిలించుకున్నాను. ఆ బల్ల మీద పడుకున్న అమ్మాయి తల తిప్పి మమ్మల్ని చూసి నవ్వింది. ఏ పాపం ఎరగని పిల్ల. ఆ పిల్లకున్న రెండు నెలల మీద నాకొచ్చిన అసూయ ఇంతా అంతా కాదు. నగల మీద, ఇళ్ళ మీద, ఇంకొకరి మొగుడి జీతం మీద కూడా నాకెప్పుడూ అంత పుట్టలేదు.

ఆఖరికి లాంగ్ జంప్ పిట్ దగ్గరికి వచ్చాం. ఇసుక జల్లించినట్టుంది, ఎక్కడా గులకరాయి లేదు. దాని ముందు, తొక్కి ఎగరడానికి తెల్లటి చెక్క బోర్డు. అక్కడ కోచ్ ఉన్నారు. మిలిటరీలో చేసి వచ్చినాయన. యాభై దాటి ఉంటాయి, టోపీ కింద నెరిసిన జుట్టు. మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇప్పించారు. అమృతలూరు పిల్ల మరిది తాలూకు అతిథులమని తప్ప మేమెవరమో ఆయనకి తెలీదు.

"ఈ అమ్మాయి మా అందరిలోకీ మంచి జంపరండి" అన్నారు ఆ పిల్లని చూపిస్తూ. "వచ్చే ఏడాది నేషనల్స్‌కి పంపుతాం. కానీ వచ్చిన కొత్తలో నన్ను ఏడిపించింది. అన్నీ పాత అలవాట్లు. బోర్డు దగ్గరికొచ్చేసరికి చివరి అంగ బారెడు వేసేది. అంత సాగదీసి వేస్తే కాలు బ్రేకు వేసినట్టవుతుంది, వేగం చచ్చిపోతుంది. దానికి ముందు అంగ పెద్దది వెయ్యాలి, చివరిది కురచగా వెయ్యాలి. అప్పుడు ఒళ్ళు పైకి లేస్తుంది. అది మాన్పించడానికి ఆర్నెల్లు పట్టిందండి. ఎవరు నేర్పారో గానీ, పిల్లని పాడుచేసి పంపించారు."

ఆ పిల్ల తల దించుకుంది. బొటనవేలితో ఇసుక గీస్తోంది.

లేచి వెళ్ళిపోదామనుకున్నాను. ఈలోపు దర్జీ పిల్ల నోరు ఊరుకుంటుందా? "నేర్పినావిడ ఇదిగోండి, మీరిచ్చిన కుర్చీలోనే కూర్చుంది" అంది.

కోచ్ మొహం చూడాలి. టోపీ తీశారు. "సారీ అండి, సారీ అమ్మా. నాకు తెలీదు. ఏదో నోటికొచ్చినట్టు..."

"మీరన్నది తప్పేం కాదు కదండి" అన్నాను. "నేర్పింది నేనే. చివరి అంగ పెద్దది వెయ్యమన్నది నేనే."

"మీకెవరు చెప్పారమ్మా అలాగని?"

"ఎవరూ చెప్పలేదండి. పంట బోదెలు దూకి నేర్చుకున్నాను."

ఆయన టోపీ మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత, "బోదె దూకడానికి అది సరైనదేనమ్మా. గట్టు అంచు మీద కాలు జారకుండా ఆపుకోవాలిగా" అన్నారు. ఓదార్చడానికి అన్నారో, నిజంగానే అన్నారో తెలీదు. లోపలికి వెళ్ళి లాప్‌టాప్ తెచ్చారు. "ఒకటి చూపిస్తాను, రండి."

తెర మీద రెండు వీడియోలు పక్కపక్కన. ఒకటి ఆ పిల్ల చేరిన వారంలో తీసింది, ఇంకోటి కిందటి నెలలో తీసింది. నెమ్మదిగా నడిపించారు. ఆయన ఏదో వివరిస్తున్నారు గానీ నాకు వినపడలేదు. మొదటి దాంట్లో ఎగురుతున్నది ఆ పిల్ల కాదు, నేను. తల కొంచెం ఎడమకి వాల్చడం, కుడిచెయ్యి వెనక ఉండిపోవడం, గాల్లో పెదవి కొరుక్కోవడం కూడా నాదే. నా ఒళ్ళంతా దానిలోకి వెళ్ళిందని నాకే తెలీదు. రెండో దాంట్లో తల నిటారుగా ఉంది, చేతులు రెండూ ఒక్కసారే లేచాయి, నడుం పైకి తేలింది. చాలా అందంగా ఉంది. దాంట్లో నేను ఎక్కడా లేను. వెతికాను. గోరంత కూడా లేను.

"చూశారా, ఎంత మార్పో!" అన్నారు కోచ్.

"చూశానండి" అన్నాను.

అమృతలూరు పిల్లకి ఏమనిపించిందో, "ఏమే, నువ్వొకసారి ఎగరకూడదూ?" అంది. నేను కసిరాను. ముప్పై దాటిన మనిషిని, పంజాబీ డ్రస్సులో ఉన్నాను, కాలు ఎప్పుడో చెడింది. కోచ్ మాత్రం, "వార్మప్ చేసి, సగం వేగంతో ఎగరండమ్మా. ఏం కాదు. ఆ కురచ అంగ ఒకసారి వేసి చూడండి. పిల్లలకి చెప్పాలంటే మీ కాలికి తెలియాలి కదా" అన్నారు. ఆ చివరి మాట నన్ను లేపింది.

చున్నీ నడుముకి కట్టుకున్నాను. ఆ పిల్లే నాతోపాటు కాసేపు పరిగెత్తి, కాళ్ళు సాగదీయించి, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో గుర్తు పెట్టింది. మొదటిసారి పరిగెత్తి బోర్డు దాటి తొక్కేశాను. రెండోసారి నా పాత అంగే పడింది, బోదె దూకినట్టు దూకి ముందుకి పడ్డాను. మోకాలు గీరుకుంది. దర్జీ పిల్ల చప్పట్లు కొట్టింది, నాకు ఒళ్ళు మండింది. మూడోసారి కోచ్ పక్కన నిలబడి, నేను బోర్డు దగ్గరికి వస్తుండగా "పెద్దది! కురచ!" అని అరిచారు. కాలు ఆయన మాట విన్నది.

ఏం జరిగిందో సరిగ్గా చెప్పలేను. కిందనుంచి ఎవరో చంకల్లో చేతులేసి ఎత్తినట్టయింది. నేను ఎగరలేదు, లేచాను. సగం వేగం, పాడైన కాలు, కట్టుకున్న చున్నీ, అయినా గాల్లో కాసేపు ఆగాను. ఇసుకలో కూర్చున్నట్టు దిగాను.

వాళ్ళంతా అరుస్తున్నారు. కోచ్ "శభాష్" అంటున్నారు. నేను అలాగే ఇసుకలో కూర్చుండిపోయాను. సంతోషం అనుకున్నారు అందరూ. కాదు. ఇంత చిన్న సంగతా? అంగ కొంచెం తగ్గించి వెయ్యడం, అంతేనా? ఇది నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు ఎవరన్నా చెప్పి ఉంటే! ఆ ఎగురు అప్పుడు నాది కావాలి. కాలు బాగున్నప్పుడు, ఒళ్ళు తేలిగ్గా ఉన్నప్పుడు కావాలి. ఇప్పుడు, చూడ్డానికి వచ్చినదానికి, రుచి చూపించినట్టు చూపించారు. అంతవరకూ నాకు ఆ పిల్ల మీద ఉన్న కుళ్ళు, తెలియక పడ్డ కుళ్ళు. దానికి ఏం దొరికిందో నా ఒంటికి తెలిసింది. ఇప్పుడు తెలిసి పడుతున్నాను.

ఆ పిల్ల వచ్చి నా పక్కన గొంతు కూర్చుని, నా వీపు మీది ఇసుక దులపడం మొదలుపెట్టింది. చాలాసేపటికి మెల్లగా అంది, "మేడం, సార్‌కి మీ గురించి నేను చెప్పలేదండి."

"అది తెలుస్తూనే ఉంది."

"చెబితే మిమ్మల్ని ఏమన్నా అంటారేమోనని చెప్పలేదు. ఆయన అడిగారు, ఎవరు నేర్పారని. నాకు నేనే నేర్చుకున్నానని చెప్పాను."

నేను దాని మొహం చూశాను. అబద్ధం కాదు. ఆర్నెల్లు ఆయన తిట్లన్నీ తన మీదే వేసుకుంది. ఇంకెవరైనా అయితే కరిగిపోయి దగ్గరికి తీసుకునేవాళ్ళు. నాకేమో, దేవుడా, ఈ పిల్లకి ఎగరడంతోపాటు మంచితనం కూడా నాకన్నా ఎక్కువ ఇచ్చావా అనిపించింది. ఆ మాటకి నాకే నవ్వొచ్చింది. నవ్వుతుంటే కన్నీళ్ళు వచ్చాయి. అది బెదిరిపోయి, "కాలు నొప్పా మేడం? ఫిజియో సార్‌ని పిలవనా?" అంది.

"పిలవక్కర్లేదు. ఇటు రా" అని దాని తల నిమిరాను. కురచ జుట్టు చేతికి గుచ్చుకుంది.

బయల్దేరుతుంటే కోచ్ గేటు దాకా వచ్చారు. వచ్చే వేసవిలో పీఈటీలకి శిక్షణ పెడుతున్నామని, నన్ను రమ్మని చెప్పారు. "మీ కంట్లో పిల్లలు పడతారమ్మా. చేపల మధ్యలోంచి ఈ అమ్మాయిని పట్టుకొచ్చారట, ఇప్పుడే చెప్పింది. అది నాకు చేతకాదు. నాకు ఎవరో తెచ్చిస్తే దిద్దడం వచ్చు." నేను చూస్తానండి అన్నాను. రాకూడదనే అనుకున్నాను.

ఆటో ఎక్కాం. సముద్రం దగ్గర దిగాక అమృతలూరు పిల్ల, "నేనే తప్పు చేశానా తీసుకెళ్ళి?" అంది బిక్కమొహంతో.

"తీసుకెళ్ళకపోతే నాకింత మంటుండేది కాదు" అన్నాను.

"మరి నాకో?" అంది దర్జీ పిల్ల ఉన్నట్టుండి. "ఆ ఫిజియో అంతే అన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆ రోజు నీ కాలికి మా నాన్న కొలతల టేపు చుట్టి కట్టింది నేనే కదే. గట్టిగా బిగిస్తే మంచిదనుకున్నా." ఇన్నేళ్ళలో అది ఆ మాట ఎత్తడం అదే మొదలు. ముగ్గురం ఇసుకలో కూలబడ్డాం, మేమిద్దరం దాన్ని ఊరుకోబెట్టాం. మా ఏడుపులు చూసి పల్లీలమ్మే ఆవిడ, "ఏంటమ్మా, ఎవరన్నా కొట్టుకుపోయారా?" అని కంగారుపడింది. ఆవిడకి ఏమని చెప్పాలి? పల్లీలు కొనుక్కుని తిన్నాం.

మర్నాడు మధ్యాహ్నం రైలుకి వచ్చేశాం. బడి తెరిచాక మొదట చేసిన పని పిట్‌లో పాత ఇసుక తవ్వించి ట్రాక్టరు కొత్త ఇసుక పోయించడం. హెడ్‌మిస్ట్రెస్ గారు ఎందుకిప్పుడు అన్నారు. పిల్లలకి కాళ్ళు నొప్పులండి అన్నాను. అసలు కారణం అసూయ అని ఎలా చెబుతాను? బోర్డు ముందు సుద్దతో రెండు గీతలు గీసి, ఒక దూరపు అంగ, ఒక దగ్గరి అంగ, వాటి మీదే పిల్లల్ని పరిగెత్తించాను. మొదట్లో కోతుల్లా తడబడ్డారు. దసరా సెలవులకి ఇద్దరు ముగ్గురికి పట్టుబడింది.

ఆ పిల్ల నేషనల్స్‌లో పతకం తెచ్చింది. రేపల్లెలో సన్మానం చేశారు. వేదిక మీద కోచ్‌కి శాలువా కప్పారు, ఆ పిల్లకి దండ వేశారు, అకాడమీ యజమానికి పూలగుత్తి ఇచ్చారు. నన్ను కూడా పిలిచి చివర్లో ఒక శాలువా కప్పారు గానీ, చదివిన కాగితంలో నా గురించి ఒక్క వాక్యమే ఉంది. ఆ పిల్ల మైకు ముందు నా గురించి చాలాసేపు చెప్పింది. జనం చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వుతూ నిలబడ్డాను. అంత చెప్పినా కడుపులో మంట చల్లారలేదు. అది చప్పట్లకి చల్లారే మంట కాదని అక్కడే తెలిసింది. చప్పట్ల కోసం పుట్టింది కాదు కాబట్టి.

తర్వాతి వేసవిలో బాపట్ల శిక్షణకి వెళ్ళాను. వెళ్ళనని ఎన్నిసార్లు అనుకున్నానో చెప్పలేను. వచ్చినవాళ్ళందరిలో పెద్దదాన్ని నేనే. కోచ్ చెప్పేది వినేటప్పుడు కూడా లోపల ఒకటే రొద, ఇది ముందే తెలిస్తే, ఇది అప్పుడే చెబితే అని. ఆ రొదతోనే నేర్చుకున్నాను. గుడిలో కూర్చున్నట్టు కాదు, దొంగ ఇంట్లో దూరినట్టు. దొరికినదంతా మూట కట్టుకుని వచ్చాను.

ఆ తర్వాత కొన్నేళ్ళకే మా బడి నుంచి ఇంకో పిల్లని అకాడమీ వాళ్ళు ఎంచుకున్నారు. సన్నగా, నల్లగా, నోట్లో మాట లేని పిల్ల. ఈ పిల్లకి చివరి అంగ విషయంలో ఎవరూ ఏమీ మాన్పించక్కర్లేదు. ప్రయాణానికి ముందురోజు వాళ్ళింటికి వెళ్ళి నేనే దాని సంచి సర్దాను. తువ్వాలు, సబ్బు, మార్చుకునే బట్టలు, ఇంటి దగ్గర నుంచి ఒక జాడీ పచ్చడి. వాళ్ళమ్మ ఏడుస్తోంది, నేను ధైర్యం చెప్పాను. పొద్దున్నే వ్యాను వచ్చింది. ఆ పిల్ల కిటికీలోంచి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. మొదటిసారి ఎంత మండిందో, రెండోసారీ అంతే మండింది. వ్యాను మలుపు తిరిగాక బడికి వెళ్ళాను. ప్రేయర్‌కి బెల్లు కొడుతున్నారు.